వెనక్కాళ్ళు చూడని పాట

ఊళ్ళో ఆ పాట చూడనివాడు లేడు, ఒక్క అతను తప్ప.

మంగలి దగ్గరికెళ్తే మంగలి మొదలుపెడతాడు. "ఏమాటకామాటే చెప్పుకోవాలి మేస్త్రీగారూ. మీ ఆవిడ ఆ ఎర్ర శాలువా భుజమ్మీంచి జార్చి, గడ్డం ఎత్తి గుర్రం పాట అందుకుందంటే ఒళ్ళు జలదరించేదనుకోండి. అబ్బ, ఆ రోజులే వేరు!" అని కత్తి గాల్లో ఆపేసి కళ్ళు మూసుకుంటాడు. సగం గడ్డంతో అతను అద్దంలోకి చూస్తూ కూర్చుంటాడు. పళ్ళ డాక్టరుదీ అదే వరస, కాకపోతే ఆయన శాలువా నారింజ రంగుదంటాడు. "మీరెంత అదృష్టవంతులండీ, రోజూ చూసేవారు," అంటాడు ఇతని నోట్లో పటకారు పెట్టి. నోరు తెరిచి ఉంటుంది కాబట్టి జవాబు చెప్పే పని తప్పుతుంది.

నోరు మూసి ఉంటే మాత్రం ఏం చెప్తాడు? సిగ్గుచేటు. ఆ పాట జరిగినన్నాళ్ళూ అతను స్టేజీ మీదే ఉన్నాడు, పాడే మనిషికి బారెడు దూరంలో. కానీ గుర్రం లోపల ఉన్నాడు. అందులోనూ వెనక్కాళ్ళుగా.

అదొక పాటల నాటకం. ఒక రాణిని కోటలో బంధిస్తారు. ఆవిడకి మిగిలిన తోడల్లా ఒక నల్లగుర్రం. పారిపోయే ముందు ఆ గుర్రంతో మాట్లాడుకుంటూ పాడుతుంది. ఆ ఒక్క పాట కోసం జనం కొట్టుకు చచ్చేవాళ్ళు. గుర్రమంటే ఏముంది, వెదురు బద్దలు, గోనెగుడ్డ, పైన నల్ల వెల్వెట్టు. లోపల ఇద్దరు మనుషులు. ముందుకాళ్ళు రాణి వేషం వేసే ఆవిడ సొంత అన్నయ్య. వెనక్కాళ్ళు ఇతను. అప్పటికింకా ఆవిడకి మొగుడు కాలేదు, నాటకాల కంపెనీలో తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి, అంతే. అసలు వెనక్కాళ్ళ మనిషికి జ్వరమొస్తే, "ఒక్క పూటే కదయ్యా, దూరు," అన్నాడు మేనేజరు. ఆ ఒక్క పూట ముప్పయ్యేళ్ళు నడిచింది.

లోపల ఎలా ఉండేదో ఎవరూ అడగరు. నడుం వంచాలి. తల ముందువాడి వీపుకి ఆనించాలి, చేతులతో వాడి బెల్టు పట్టుకోవాలి. ముందువాడికి గుర్రం నోట్లోంచి చూసుకోడానికి సందు ఉంటుంది, వెనకవాడికి అదీ లేదు. కళ్ళు తెరిస్తే గోనె నూగు పడుతుంది. అందుకని మూసుకునే ఉండాలి. చీకటి, చెమట, బావగారి వీపు. ఆ చీకట్లోకి గోనెలోంచి వడగట్టినట్టు ఆ గొంతు వచ్చేది. అదీ అతనికి ఆ పాట.

ఆవిడ గొంతు బంగారం. తాళం మాత్రం, పెళ్ళాన్ని అనకూడదు గానీ, గుండుసున్నా. "కదలవే నా నల్లగుర్రమా" అని ఆపి, ఒక దెబ్బ వదిలి, "కళ్ళెమంటూ లేదులే" అని అందుకోవాలి. ఆ దెబ్బ ఆవిడకి ఎన్నడూ అందలేదు. ముందే దూకేది, లేదంటే హార్మోనియం ఊరంతా తిరిగొచ్చినా నోరు మెదపకుండా నిలబడేది. ఇతను గుర్రంలో దూరిన మొదటి రోజే అలా తడబడి ఆగింది. లోపల ఇతనికి ఏం తోచిందో ఏమో, కాలికున్న కొయ్య గిట్టతో నేల మీద టక్కున కొట్టాడు. ఆవిడ టక్కున అందుకుంది. గుర్రం కూడా పాట వింటోందని జనం చప్పట్లు కొట్టారు. ఇంక ఆ తరవాత ప్రతి చరణానికీ, ప్రతి ఆటకీ ఆ గిట్ట కొట్టాల్సిందే. మా చెల్లెలు మనిషిని కాదు, గిట్టని చేసుకుందని బావగారు పెళ్ళిలో అందరికీ చెప్పి నవ్వించాడు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉండబట్టలేక గుర్రం పక్కటెముకల దగ్గర బరమాతో చిన్న కన్నం పెట్టుకున్నాడు. సొంత పెళ్ళాం పాడుతుంటే చూడాలని ఎవరికుండదు? పాట మొదలవగానే ఒక కన్ను తెరిచి కన్నానికి ఆనించాడు. ఎర్రగా ఏదో కదిలింది. అంతే, కాలు మరిచిపోయాడు. చూపు తెరుచుకుంటే అతనికి లెక్క పోతుంది, ఆ సంగతి ఆరోజే తెలిసింది. గిట్ట పడలేదు. ఆవిడ ఎక్కడో అందుకుంది, హార్మోనియం ఇంకెక్కడో పోయింది, హాలు హాలంతా గొల్లుమంది. తెర వెనకాల ఆవిడ మొహం కడుక్కుంటూ ఏడ్చిన ఏడుపు అతనికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ కన్నాన్ని తనే దబ్బనం తీసుకుని కుట్టేశాడు.

"పోనీ ఇంట్లో పాడించుకోవచ్చుగా" అంటారు మీరు. కంపెనీ వాళ్ళ సంగతి మీకు తెలీదు. కంపెనీ పాట కంపెనీ గుమ్మం దాటకూడదని వాళ్ళకో పట్టింపు. బయట ఊరికే వినిపిస్తే టిక్కెట్టు ఎవడు కొంటాడని ఏ కాలంలోనో ఏ మేనేజరో పెట్టిన ఆంక్ష అది. తరవాత్తరవాత భయం కింద మారింది. ఎవరో అమ్మాయి తన పాట విందులో పాడిందట, నెల తిరక్కుండా నాటకం మూతపడిందట. ఊళ్ళో వాళ్ళు ఎవరైనా కూనిరాగం తీసుకోవచ్చు, కంపెనీ మనిషి మాత్రం గుమ్మం బయట పెదవి కదపకూడదు. నాటకం ఆగిపోయి ఏళ్ళు గడిచినా ఆవిడ ఆ మాట తప్పలేదు. "మళ్ళీ వేస్తారేమో, ఎందుకొచ్చిన గొడవ," అనేది బట్టలారేస్తూ.

ఇలా ఉండగా ఓ పొద్దున మేనేజరు అతని షెడ్డుకి వచ్చాడు. ఆయనా ముసలాడైపోయాడు, కానీ పెద్దరికం పోలేదు.

"మేస్త్రీ, మన హాలు కూలగొట్టేస్తున్నారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆఖరాట. పాత నాటకంలోంచి రెండు రంగాలు వేద్దాం. గుర్రం పాట లేకపోతే జనం నన్ను బతకనివ్వరు. గుర్రాన్ని దులిపించా, ఇవాళే ఇక్కడికి పంపిస్తా. ఎలకలు ఒక చెవి కొరికేశాయి, నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

అతను చిత్రిక పక్కన పెట్టాడు. ఇదే ఆఖరంటే, ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడూ చూడడు. "నాకో టిక్కెట్టు కావాలండీ," అన్నాడు.

"ఎవరికి?"

"నాకే."

మేనేజరు పొట్ట పట్టుకు నవ్వాడు. "చాల్లే, గుర్రం ఎక్కడైనా టిక్కెట్టు కొనుక్కుని కూర్చుంటుందా?"

"వెనక్కాళ్ళకి ఇంకెవర్నైనా చూడండి. నా నడుం కూడా..."

"ఎవర్ని చూడను? బజార్లో అమ్ముతారా? ఆవిడ పాట నీ కాలి మీద నడుస్తుందని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆఖరాట నాడు మళ్ళీ ఆ కన్నం పెట్టిన రోజు చూపిద్దామా జనానికి? వేషాలెయ్యకు." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "చెవి సంగతి మర్చిపోకు," అన్నాడు.

సాయంత్రం టీకి బావగారు వచ్చాడు. ఆయనకి మోకాళ్ళు పట్టేసి చేతికర్ర వచ్చింది గానీ గొప్పలు తగ్గలేదు. "నువ్వెందుకు చూడ్డం బావా? నేను చూశాగా! పాట మొదటినించి చివరిదాకా మా చెల్లెలు నా మొహంలోకి చూసే పాడేది. తలొంచుకుని లెక్కపెట్టుకునే నీకేం తెలుస్తుంది ఆ కళ?" అని కప్పు కింద పెట్టాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది. మామూలు రోజుల్లో ఆ మాటలకి నవ్వేసేవాడే. గోడకి తగిలించిన కొయ్య గిట్టల వంక చూస్తూ కూర్చున్నాడు. మేకుకి వేలాడుతున్నాయవి, ఎటూ పోకుండా.

బావగారు వెళ్ళాక అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నిలబడ్డం అంటే వంగి నిలబడ్డమే. గుర్రంలోంచి మనిషి బయటికొచ్చినా నడుం ఆ వంపులోనే ఉండిపోయింది. ఎదుటివాడి మొహం చూడాలంటే మెడ పైకెత్తాలి.

"నేను పోయేలోపల నువ్వు ఆ పాట పాడుతుంటే ఒక్కసారి ఎదురుగా కూర్చుని చూడాలనుంది," అన్నాడు. "ఊళ్ళో ప్రతివాడూ వచ్చి నాకు చెప్తాడు నువ్వెలా ఉండేదానివో. ఊఁ ఊఁ అంటాను. ఎంతకాలమని ఊఁ అనను?"

ఆవిడ గిన్నె తోముతూ తోముతూ ఆగింది. "నువ్వు కొట్టకపోతే నాకు రాదుగా," అంది చాలా చిన్నగా. ఆ మాటతో అతను మళ్ళీ గుర్రంలోకి వెళ్ళిపోయినట్టే అయింది. సరేలెమ్మని ఎలక కొట్టిన చెవి కుట్టడానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున అతను లేచేసరికి వంటింట్లోంచి చప్పుడు. వేలి కణుపుతో గట్టు మీద కొట్టుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు. అతన్ని చూసి గభాల్న చెయ్యి తీసేసింది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు.

"ఏంటి అలా చూస్తావు? నువ్వు వెళ్ళి కూర్చో ఆదివారం. నేనే లెక్కపెట్టుకుంటాను. ముసలితనంలో ఆ మాత్రం నేర్చుకోలేనా ఏం?"

చెప్పొద్దూ, అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షెడ్డుకెళ్ళి మంచి చెక్క చూసి ఎంచుకుని, గుర్రానికి రెండు వెనక్కాళ్ళు చెక్కాడు, కదలకుండా నిలబడేట్టు. మోకాలి వంపుతో సహా అచ్చం తన కాళ్ళే. మేనేజరు చూసి సణుక్కున్నాడు, పాట పాడైతే నాది పూచీ కాదన్నాడు. ముందుకాళ్ళు మాత్రం బావగారే. చచ్చినా వదిలేది లేదని చేతికర్రతో సహా గుర్రంలో దూరతానన్నాడు.

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని హాలుకెళ్ళాడు. ఇన్నేళ్ళూ వెనక సందులోంచి వెళ్ళినవాడు ముందు గుమ్మంలోంచి వెళ్ళడం అదే మొదలు. తను చేసిన కుర్చీల్లోనే తను కూర్చున్నాడు, మూడో వరసలో. పక్కన మంగలి. హాలు కిటకిటలాడిపోతోంది. పాట మొదలవకముందే కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు.

తెర లేచింది. కోట గుమ్మం, నల్లగుర్రం, పక్కన ఆవిడ. దీపాల వెలుగులో శాలువా అటు ఎరుపూ కాదు, ఇటు నారింజా కాదు. పొయ్యిలో నిప్పు రంగు. ఓహో ఇదన్నమాట, అనుకున్నాడు. ఆవిడ శాలువా భుజమ్మీంచి జార్చింది. మంగలి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కదలవే నా నల్లగుర్రమా..."

అమ్మయ్య! గోనె లేదు, వీపు లేదు, గొంతు నేరుగా వచ్చి తగిలింది. అతను మెడ పైకెత్తి నోరు తెరుచుకుని చూశాడు. ఇంత మనిషి తనతో ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉందా అనిపించింది.

ఆవిడ ఆగింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. దెబ్బ వెళ్ళిపోయింది. హార్మోనియం ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ ఎదురుచూసింది. ఆవిడ అందుకోలేదు. ఇంకో చుట్టు. ఆవిడ కొయ్య కాళ్ళ వంక చూసింది. కొయ్య కాళ్ళకేం తెలుసు పాపం, నిలబడి ఉన్నాయి. హాల్లో ఎవరో దగ్గారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఆవిడ మొహంలో ఆ పాత రోజు తాలూకు భయం కనిపించింది అతనికి, మొహం కడుక్కుంటూ ఏడ్చిన రోజు భయం.

అతను కాలెత్తాడు. చూస్తూనే కొడదామనుకున్నాడు. కొంచెం చూస్తూ, కొంచెం లెక్కపెడుతూ. కానీ ఆవిడ ఎదురుగా ఉంటే లెక్క ఎక్కడ నిలుస్తుంది? ఒకటి అనేసరికి రెండు పోతోంది. హార్మోనియం మూడో చుట్టు మొదలుపెట్టింది. ఇంకొక్క క్షణం పోతే అందరూ నవ్వుతారు. దేవుడా, ఇది కూడా దక్కనివ్వవా, అనుకున్నాడు అతను. నడుం వంచి, ముందు కుర్చీ వీపుకి తల ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చీకటి వచ్చింది. చీకట్లో లెక్క ఎప్పటిలాగే ఉంది. చెప్పుకాలితో చెక్క నేల మీద టక్కున కొట్టాడు.

"...కళ్ళెమంటూ లేదులే!"

హాలంతా చప్పట్లు. ఆ తరవాత అతనికి తల ఎత్తే వీల్లేకపోయింది. ప్రతి పాదం చివరా దెబ్బ ఉంది, చరణం తరవాత చరణం ఉంది. ఒక్కటి తప్పినా ఆవిడ తప్పుతుంది. "గడప దాటే దారి చూపు, గాలి మనకు తోడులే" అని ఆవిడ పైకి ఎత్తుకుంటే మంగలి "ఆహా" అని ఏడుస్తున్నాడు. అతను ముందు కుర్చీ చెక్క వాసన చూస్తూ కాలు కొడుతున్నాడు. మధ్యలో ఒకసారి బావగారి బెల్టు కోసం చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన ఎవరో వెనక్కి తిరిగి ఉరిమి చూసి ఉంటాడు, అదీ అతను చూడలేదు.

తల ఎత్తేసరికి తెర దిగిపోయింది. తెర కుచ్చెళ్ళు మాత్రం ఇంకా ఊగుతున్నాయి.

"చూశారా మేస్త్రీగారూ, చూశారా!" అని మంగలి భుజాలు పట్టుకు కుదిపేశాడు. "ఆ చివర్లో! అబ్బబ్బ, జన్మలో మర్చిపోను!"

"ఊఁ," అన్నాడు అతను.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. బావగారు కర్ర ఊపుకుంటూ నలుగుర్ని పోగేసి గుర్రం నోట్లోంచి తను చూసినదంతా చెప్తున్నాడు. వీళ్ళిద్దరూ రోడ్డు దాటి బస్సు స్టాపులో నిలబడ్డారు. ఆవిడ చేతిలో సంచీ, సంచీలో శాలువా. మేనేజరు ఇచ్చేశాడు, ఇంక ఎవరికి కావాలని.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"బ్రహ్మాండం," అన్నాడు.

"చివర్లో శాలువాతో ఏం చేశాను?"

అతను తడుముకున్నాడు. "భుజం మీద వేసుకున్నావు."

"అబద్ధం. నీకేసి చాపి పట్టుకున్నాను. పాటంతా నాకు నీ నడినెత్తే కనపడింది. అక్కడ జుట్టు బొత్తిగా పోయింది, చూసుకున్నావా ఎప్పుడైనా?" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అంత లెక్కపెట్టుకున్నాను. వంటింట్లో తప్పకుండా వచ్చేసింది. అక్కడికెళ్ళేసరికి ఏమైందో. నీకు ఇవ్వాలనుకున్నది ఒక్కటి. అదీ ఇవ్వలేకపోయాను."

"ఊరుకో. ఎవరైనా వింటారు."

"విననీ."

అతనికి దుఃఖం ఆగలేదు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలీని దుఃఖం అది. గుర్రం మీదా, కాలి మీదా, ఎవరిమీద?

ఆవిడ రోడ్డుకవతల హాలు వంక చూసింది. అప్పుడే ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి గుమ్మం మీద పేరు పలక విప్పుతున్నారు.

"ఇంక గుమ్మమెక్కడిది, దాటకుండా ఉండడానికి?" అంది. సంచీ కింద పెట్టింది. శాలువా తీసి, పట్టపగలు, నడిరోడ్డు మీద, భుజాన వేసుకుంది. "ఇటు తిరుగు. కాలు కదిపావంటే ఒప్పుకోను."

"తాళం తప్పుతావే."

"తప్పుతాను."

అతను కుడికాలి మీద ఎడంకాలు వేసి గట్టిగా తొక్కిపెట్టాడు. మెడ ఎత్తాడు. ఆవిడ శాలువా జార్చి మొదలుపెట్టింది. "కదలవే నా నల్లగుర్రమా..." ఆగింది. దెబ్బ వచ్చి వెళ్ళిపోయింది. కింద కాలు గిలగిల్లాడింది, పైకాలు వదల్లేదు. ఆవిడ ఎక్కడో ఆలస్యంగా, ఎటో అడ్డదిడ్డంగా అందుకుంది. స్టాపులో ఉన్న ఒకామె ఇద్దర్నీ వింతగా చూసి జరిగి నిలబడింది.

అతను మాత్రం చూస్తున్నాడు. గడ్డం ఎత్తుతుంది, మంగలి చెప్పింది నిజమే. పైకి వెళ్ళేటప్పుడు ఎడం కనుబొమ్మ కూడా లేస్తుంది, అది మంగలి చెప్పలేదు. ఇంకోటి ఎవరూ చెప్పలేదు. ప్రతి పాదం చివరా ఆవిడ చూపు అతని మొహం మీంచి కిందికి దిగి, కాలి దగ్గర ఆగి, కాసేపు ఎదురుచూసి, మళ్ళీ పైకొస్తోంది. అలవాటు. ఆవిడకి తెలిసి చేస్తున్నట్టు కూడా లేదు. బావగారి గొప్పలన్నీ ఒట్టివే. గుర్రం మొహంలోకి కాదు ఆవిడ చూసింది. ముప్పయ్యేళ్ళూ పాదం పాదానికీ ఆవిడ కళ్ళు వెనక్కాళ్ళ మీదే ఉన్నాయి. గోనెలో కళ్ళు మూసుకుని వంగి నిలబడ్డవాడికి ఎలా తెలుస్తుంది?

బస్సు వచ్చి ఆగింది. పాట రెండో చరణంలో తాళం తప్పి ఎక్కడికో పోతోంది. "ఎక్కుతారా లేదా పెద్దాయనా?" అని డ్రైవరు కేకేశాడు. అతను తల తిప్పకుండా వెళ్ళమని చెయ్యూపాడు.